పాత కారుతో ప్రదర్శనకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

కార్తీకం దాటి చలి మొదలైందంటే పాత కార్ల ప్రదర్శనల కాలం వచ్చినట్టే. బండికీ మనిషికీ కూడా ఎండ తక్కువగా ఉండే ఈ మూడు నెలలే అనువు. ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు వాటి గురించే. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది 1974 అంబాసిడర్ మార్క్ 2. మూడేళ్లుగా ఊళ్లోనే, నెలకు రెండు మూడుసార్లు తిప్పుతున్నాం. జనవరిలో హైదరాబాద్‌లో ప్రదర్శన ఉంది. నడుపుకుంటూ వెళ్లొచ్చా, లారీ మీద వేసుకెళ్లాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నడుపుకుంటూనే వెళ్లండి. దాదాపు 275 కిలోమీటర్లు, అంబాసిడర్‌కు అదో లెక్క కాదు. కాకపోతే ఊళ్లో బాగానే తిరుగుతోంది కదా అని హైవే ఎక్కేయకండి. 40లో నడిచినంతకాలం దాక్కున్న లోపాలు, 70లో రెండు గంటలు ఏకబిగిన నడిస్తే వరసపెట్టి బయటికొస్తాయి. నెల ముందే పని మొదలుపెట్టండి.

చాలామంది ఇంజను ట్యూనింగుతో మొదలుపెడతారు. మొదట చూడాల్సింది బ్రేకులు. నాలుగు డ్రమ్ములూ ఊడదీయించండి. వీల్ సిలిండర్ రబ్బరు మూతిని కాస్త ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే ఆ సిలిండర్ కారుతున్నట్టే. వాడకం తక్కువున్న బండిలో ఇది మామూలు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు సిలిండర్ లోపలి గోడ తుప్పు పడుతుంది, ఆ గరుకుకు రబ్బరు కప్పు అరిగిపోతుంది. ఆయిల్ మొత్తం తీయించి డాట్ 3 రకం కొత్తది పోయించండి. డాట్ 5 అని అమ్మే సిలికాన్ ఆయిల్‌ను దీనితో కలపకూడదు. ఇక చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు. పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి పూడుకుపోతాయి. అప్పుడు పెడల్ తొక్కితే బ్రేకు పడుతుంది గానీ వదిలాక విడవదు. జాకీ మీద లేపి, ఒకరు బ్రేకు తొక్కి వదిలిన వెంటనే చక్రాన్ని చేత్తో తిప్పితే సంగతి తెలిసిపోతుంది.

టైర్లకు గీతలు ఎంతున్నాయని కాదు, వయసెంతని చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఏడేళ్లు దాటిన టైరుతో హైవే ఎక్కకపోవడమే మంచిది, గీతలు ఎంత లోతుగా ఉన్నా సరే. స్టెప్నీ వయసూ చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

తర్వాత నీళ్లు. బోరు నీళ్లు పోసిన రేడియేటర్‌లో సున్నం పేరుకుని ట్యూబులు పూడుకుంటాయి. ఊళ్లో వేడి ముల్లు మధ్యలోనే ఉండి, హైవే మీద నెమ్మదిగా పైకెక్కుతుంటే దాదాపు ఇదే కారణం. రేడియేటర్ షాపులో పైతొట్టి విప్పించి రాడ్డింగ్ (ట్యూబుల్లోకి సన్నటి కడ్డీలు దూర్చి సున్నం తీయడం) చేయించండి. తర్వాత కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోయండి. మన మెకానిక్కులు వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని మూత) పీకేస్తారు; అది జబ్బుకు మందు కాదు. చల్లటి ఇంజను వేడెక్కడానికి ఎక్కువసేపు పట్టి, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. రేడియేటర్ బాగుచేయించాక 82 డిగ్రీలది తిరిగి వేయించండి.

కరెంటు వైపు పని తక్కువే. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి తెంపే పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గుల గ్యాపు 0.6 మి.మీ. ఇంజను ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ వాడండి. కొత్త కార్ల కోసం చేసే పలుచని ఆయిళ్లలో అరుగుదలను ఆపే జింకు తక్కువ, ఈ ఇంజన్ల క్యామ్‌కు, ట్యాపెట్లకు అది చాలదు. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ కీళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అన్నిటికీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా గ్రీజు కొట్టించండి.

ఇదంతా అయ్యాక అసలు పరీక్ష పెట్టండి. ప్రదర్శనకు రెండు వారాల ముందు 60 కిలోమీటర్లు వెళ్లి రండి. ఆగగానే నాలుగు చక్రాల హబ్బులకూ చెయ్యి దగ్గరగా పెట్టండి. ఒకటి మాత్రమే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు బిగిసింది. మర్నాడు పొద్దున బండి కింద ఏ చుక్క ఎక్కడ పడిందో చూడండి. ఆ లోపం సరిచేసి మళ్లీ ఒకసారి వెళ్లి రండి.

డిక్కీలో ఫ్యాన్ బెల్టు, పాయింట్ సెట్టు, కండెన్సర్ (పాయింట్లు నిప్పురవ్వలకు కాలకుండా కాపాడే చిన్న డబ్బా), రోటరు (ప్లగ్గులకు కరెంటు పంచేది), ఒక ప్లగ్గు, పెట్రోల్ పంపు డయాఫ్రమ్ కిట్టు, రేడియేటర్ పై గొట్టం, కింది గొట్టం, క్లిప్పులు, ఫ్యూజులు, లీటరు ఇంజను ఆయిల్, అర లీటరు బ్రేక్ ఆయిల్, ఐదు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. కండెన్సర్ మాత్రం బండి మీద మంచిగా పనిచేసిన పాతదే దాచుకోండి, ఇప్పుడు దొరికే కొత్తవాటి మీద అంత నమ్మకం పెట్టుకోలేం. టోల్ గేట్ల కోసం ఫాస్టాగ్ ముందే తీసుకోండి, పాత ఆర్.సి.లో ఛాసిస్ నంబరు చెరిగిపోయి ఉంటే ఆ పని రోజుల తరబడి సాగుతుంది.

ప్రశ్న: మా ప్రీమియర్ పద్మిని కారు 1983 మోడల్. పోయినసారి ర్యాలీలో అరగంట నెమ్మదిగా నడిచాక ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది గానీ అందుకోలేదు. నలభై నిమిషాలకు దానంతటదే స్టార్టయింది. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ మార్చినా మళ్లీ అదే. ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ర్యాలీల్లో ఆగిపోయే బండ్లలో ఎక్కువ వాటి కథ ఇదే. రెండు అనుమానాలున్నాయి: వేడికి పెట్రోలు ఆవిరై లైనులో గాలి బుడగలా నిలవడం ఒకటి, వేడికి కాయిల్ గానీ కండెన్సర్ గానీ చచ్చుబడటం రెండోది. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి బండి చల్లబడి బాగానే నడుస్తుంది కాబట్టి, ఆగిన చోటే, వేడి మీదే తేల్చుకోవాలి.

ఒక ప్లగ్గు ఊడదీసి, దాని వైరు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, చిటపట శబ్దంతో నిప్పు పడితే కరెంటు బాగుంది. పసుపు రంగులో నీరసంగా పడితే కండెన్సర్ మార్చండి, కాయిల్ తర్వాత సంగతి. నిప్పు బాగుంటే ప్లగ్గు తిరిగి బిగించి ఎయిర్ ఫిల్టరు తీయండి. ఇంజను ఆపి ఉండగా యాక్సిలరేటర్ లింకును చేత్తో నొక్కి కార్బొరేటర్ గొంతులోకి చూడండి. సన్నటి పెట్రోలు ధార పడకపోతే కార్బొరేటర్ దాకా పెట్రోలు రావడం లేదు: లైనులో ఆవిరి. ధార పడుతూ, లోపల తడితడిగా, ఘాటుగా వాసన కొడితే దానికి పూర్తిగా ఎదురు: కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు మరిగి పొంగి ఇంజనులోకి దిగిపోయింది. అప్పుడు యాక్సిలరేటర్ అడుగంటా తొక్కిపట్టి, మధ్యలో వదలకుండా, సెల్ఫ్ కొట్టాలి. పదే పదే పంపు చేస్తే ఇంకా ముంచేసినట్టే.

ఆవిరి అని తేలితే పంపు మీద, పంపు నుంచి కార్బొరేటర్‌కు పోయే పైపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు బానెట్ ఎత్తి ఉంచండి. ఇది తాత్కాలికం. శాశ్వతంగా చేయాల్సింది ఆ పైపును సైలెన్సర్ మానిఫోల్డుకు (ఇంజను పొగ బయటికెళ్లే వేడి గొట్టం) వీలైనంత దూరంగా జరిపించి వేడి తగలని తొడుగు వేయించడం, కార్బొరేటర్ కింద ఆరేడు మి.మీ. మందం బేకలైట్ (వేడిని పోనివ్వని గట్టి ప్లాస్టిక్) ముక్క పెట్టించడం. దానికి పొడవైన స్టడ్లు కావాలి, ఎయిర్ ఫిల్టరు బానెట్‌కు తగలకుండానూ చూసుకోవాలి. అంబాసిడర్ వాళ్లకూ ఈ బెడద ఉంటుంది. దాని ఇంజనులో కార్బొరేటర్, సైలెన్సర్ మానిఫోల్డు ఒకే వైపు ఉంటాయి.

పెట్రోలు కూడా మారింది. బంకులో ఇప్పుడొచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆగిన ఇంజను మీద కార్బొరేటర్ ఆ వేడిని సులువుగా చేరుకుంటుంది. పైగా అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకు అడుగున ఎన్నేళ్లుగానో అంటుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరుకు పంపుతుంది. రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి. పైపు కొనేటప్పుడు దాని మీద జె30ఆర్9 అని అచ్చు ఉందేమో చూడండి. ఇథనాల్ వల్ల మిశ్రమం పలుచబడి (గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై) ఇంజను మరికాస్త వేడెక్కుతుంది; మెయిన్ జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి పంపే రంధ్రం) ఒక సైజు పెంచితే సరిపోవచ్చు, ప్లగ్గు రంగు చూసి నిర్ణయించండి. తెల్లగా ఉంటే పలుచన, మట్టి రంగయితే సరి, నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ.

ర్యాలీ నత్తనడకన సాగుతుంటే ముందు బండికి అతుక్కుని నడపకండి. దాని సైలెన్సర్ వేడంతా మీ రేడియేటర్‌లోకే వస్తుంది. ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ కొంచెం నొక్కి ఉంచండి, ఫ్యానూ నీళ్ల పంపూ వేగంగా తిరుగుతాయి. మైదానం చేరగానే టక్కున ఆపేయకుండా ఒక నిమిషం అలాగే నడవనిచ్చి, ఆపి, వెంటనే బానెట్ ఎత్తండి. డైనమో ఉన్న పాత బండ్లవాళ్లకు ఇంకో మాట: తక్కువ వేగంలో డైనమో ఛార్జి ఇవ్వదు. పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకుని, జనం అడిగినప్పుడల్లా హారన్ కొడుతూ పోతే మధ్యాహ్నానికి తోసుకుంటూ తిరిగి రావాలి.

ప్రశ్న: 1966 ఫియట్ 1100 డిలైట్‌ను పోటీకి తయారు చేస్తున్నాం. మెటాలిక్ రంగు, అల్లాయ్ చక్రాలు, ఎల్ఈడీ లైట్లు వేస్తే బాగా కనిపిస్తుందని పెయింటరు అంటున్నాడు. న్యాయనిర్ణేతలు ఏం చూస్తారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ మూడూ వద్దు. పెయింటరు చెప్పినట్టు చేస్తే ఫొటోలు దిగేవాళ్లు మీ బండి చుట్టూ మూగుతారు, మార్కులు మాత్రం రావు. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికొచ్చిందో దానికెంత దగ్గరగా ఉందన్నదే న్యాయనిర్ణేతల లెక్క. మెరుపు రెండోది.

అసలు రంగు కనిపెట్టడం సులువు. డాష్‌బోర్డు కింద, తలుపు లోపలి ప్యాడ్ విప్పితే వెనక రేకు మీద, డిక్కీ రబ్బరు బీడింగ్ కింద పాత రంగు మిగిలే ఉంటుంది. అక్కడ మెత్తటి గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దితే పొరలు వలయాల్లా బయటపడతాయి. ప్రైమరుకు ఆనుకుని ఉన్నదే తొలి రంగు. దాన్నే మాచింగ్ చేయించండి, మెటాలిక్ కాదు, సాదా రంగు. రంగు వేయించే ముందు పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ వెళ్లండి. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ పుట్టీ దట్టంగా ఉంది. గుమ్మాల కింద, చక్రాల పై వంపుల్లో, డిక్కీ అడుగున ఇది తప్పక కనిపిస్తుంది. ఆ పుట్టీ తీయించి రేకు పని చేయించాకే రంగు. లేకపోతే రెండు వానాకాలాలకు బుడగలొస్తాయి.

న్యాయనిర్ణేత సాధారణంగా లైట్లు, ఇండికేటర్లు, వైపరు, హారన్ వేసి చూపించమంటారు, ఇంజను స్టార్ట్ చేయమంటారు. గడియారం, ఫ్యూయల్ గేజి పనిచేయకపోయినా మార్కు పోతుంది. బానెట్ కింద చూసేవి చిన్నచిన్నవే: గొట్టాలకు ఏ రకం క్లిప్పులు, వైర్ల మీద గుడ్డ అల్లికా ప్లాస్టిక్కా, బోల్టుల తలలు ఒకే తీరుగా ఉన్నాయా, గాజు మీద కంపెనీ ముద్ర ఆ కాలానిదేనా. జాకీ, చక్రాల పానా, హ్యాండిల్ రాడ్డు డిక్కీలో వాటి చోట్లో ఉంటే చెప్పకుండానే మంచి అభిప్రాయం కలుగుతుంది. కొన్న రసీదు, పాత ఆర్.సి., కారుతో కంపెనీ ఇచ్చిన మాన్యువల్, రిపేరుకు ముందు తీసిన ఫొటోలు ఒక ఫైలులో పెట్టి సీటు మీద ఉంచండి.

ఒక సలహా, ఖర్చు పెట్టే ముందే. మీ బండి రంగు, సీటు గుడ్డ పాతవే అయినా ఫ్యాక్టరీవే అయితే ముట్టుకోవద్దు. రిపేరు చేయని అసలు బండ్లకు చాలా పోటీల్లో వేరే విభాగం ఉంటుంది. ఒకసారి గీకేసిన అసలు రంగును లక్షలు పోసినా తిరిగి తేలేం.

ప్రశ్న: తాతగారి 1969 స్టాండర్డ్ హెరాల్డ్ మా దగ్గరుంది. ఇది వింటేజా, క్లాసిక్కా? వింటేజ్ బండ్లకిచ్చే ఆ ‘వీఏ’ నంబరు తీసుకోవాలా? పాత నంబరు పోతుందా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది, గందరగోళమంతా అక్కడే. పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఫివా లెక్కలో 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉండి, రోజువారీ వాడకంలో లేనిది చారిత్రక వాహనం. అందులో వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైనవి. మన మోటారు బీమా టారిఫ్ లెక్కలో 1940 డిసెంబరు 31కి ముందువి. రవాణా శాఖ లెక్కలో, 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని సొంత వాడకపు వాహనాలు. మీ హెరాల్డ్ క్లబ్బులో క్లాసిక్, ఆర్.టి.ఓ. దగ్గర వింటేజ్, బీమా ఆఫీసులో మాత్రం వింటేజ్ కాదు.

వీఏ నంబరుకు రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో దరఖాస్తు చేయాలి. నిబంధనల్లో పెట్టిన రుసుము కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. తర్వాత తిరిగి రిజిస్టర్ చేయించడానికి 5,000. ఇప్పటికే రిజిస్టరై ఉన్న వాహనం తన పాత నంబరును ఉంచుకోవచ్చు, కాబట్టి తాతగారి మూడక్షరాల ప్లేటు గురించి బెంగ వద్దు. అసలు మెలిక వేరే ఉంది. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు వీటికి తప్ప రోడ్డెక్కించకూడదు. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని ట్యాంక్‌బండ్ చుట్టి రావాలనుంటే మామూలు ఆర్.సి.నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి. ఏ దారిలో వెళ్లినా ముందు బండి మీ పేరున ఉండాలి. యజమాని మరణించాక వారసుడి పేరుకు మార్పిడికి ఫారం 31.

బీమాలో మొదటి ఐదేళ్లు దాటిన బండి విలువను మీరూ కంపెనీ మాట్లాడుకునే నిర్ణయిస్తారు. వాల్యుయేషన్ రిపోర్టు, ఫొటోలు లేకుండా వెళితే తుక్కు ధర రాస్తారు. టైము చూసి మార్కులు వేసే ర్యాలీ అయితే పాలసీ దాన్ని మినహాయించి ఉండొచ్చు, ముందే అడిగి అదనపు రక్షణ రాయించుకోండి.

ప్రశ్న: మాకు పాత కారు లేదు, చూడటమే ఇష్టం. పిల్లల్ని తీసుకెళ్తే ఏం జాగ్రత్తలు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కార్లు వచ్చే వేళకు వెళ్లండి, అంటే ప్రకటించిన సమయానికి గంట ముందు. నిలబెట్టిన కారు బొమ్మలాంటిది. అది నడిచి రావడం, ఆ శబ్దం, ఆ వాసన, అసలు చూడాల్సినవి అవే. భుజాన సంచీ ముందుకు వేసుకోండి, బెల్టు బకిల్ తలుపులకు తగలకుండా చూసుకోండి. రంగు మీద గీతలు పడేది ఎక్కువగా వీటివల్లే. పిల్లలకు ముందే చెప్పండి: చేతులు వెనక్కి, కళ్లు ముందుకు. యజమాని పిలిస్తేనే లోపల కూర్చోవడం. ధరెంత అని అడక్కండి. గేరు మార్చడం ఎలా, విడిభాగాలు ఎక్కడివి అని అడగండి, మిమ్మల్ని వదిలిపెట్టరు. ప్రదర్శనలు లేని రోజుల్లో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ సింహాసనం కారు చూడొచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించినది, అది చేరేలోపే 1911లో ఆయన కన్నుమూశారు.

ప్రశ్న: బంపర్ క్రోమ్ మీద తుప్పు చుక్కలు. చింతపండుతో తోమొచ్చా? ఇత్తడి హారన్‌కు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండిటికీ వద్దు. క్రోమ్‌కు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, పులుపు వాటిలోంచి దిగి కింది నికెల్‌నూ ఇనుమునూ తింటుంది. వంటింటి అల్యూమినియం రేకును ఉండలా నలిపి, నీళ్లలో ముంచి, మెల్లగా రుద్దండి. పైపై చుక్కలు పోతాయి. కడిగి, ఆరబెట్టి, మైనం పూయండి. ఇత్తడిని చింతపండులో నానబెడితే అందులోని జింకు కరిగి రాగి మిగిలి, గులాబీ ఛాయ తేలుతుంది. బిందెకు పర్లేదు గానీ హారన్‌కు ఇత్తడి పాలిషే వాడండి.

ప్రశ్న: ప్రదర్శన అయ్యాక మళ్లీ ఏడాది దాకా షెడ్డులోనే. ఎలా ఉంచాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఏడాది కదల్చకపోవడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. రెండు వారాలకోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపేయడం కూడా అంతే చెడ్డది: సైలెన్సర్‌లో నీరు చేరి లోపలినుంచి తుప్పు పడుతుంది, స్టార్ట్ చేసినప్పుడు ఖర్చయిన ఛార్జి బ్యాటరీకి తిరిగి చేరదు. నెలకోసారి పదిహేను కిలోమీటర్లు నడపండి. అది కుదరకపోతే అసలు స్టార్ట్ చేయొద్దు: బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, టైర్లలో గాలి ఐదు పౌండ్లు ఎక్కువ కొట్టించండి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా చక్రాలకు చెక్కముక్కలు పెట్టండి. వేసి ఉంచితే లైనింగు డ్రమ్ముకు అంటుకుపోతుంది. పెట్రోలు ఖాళీ చేయించడం మేలు; ఇథనాల్ తేమను లాగి, నీటితో కలిసి అడుగుకు దిగి ట్యాంకును తింటుంది. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టంలో స్టీలు పీచు ఉండ కుక్కండి. కుక్కినట్టు ఒక చీటీ రాసి తాళంచెవికి కట్టండి, తీయకుండా స్టార్ట్ చేసేవాళ్లే ఎక్కువ.